డాక్టరు రాబర్ట్ కోఖ్ జీవితము – నిదానము, చికిత్స

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు ఒక మహాపురుషుని చరిత్రమును వ్రాసి యీయవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. రాజులను, కవులను, దాతలను విడిచి పరదేశీయుడైన యొక వైద్యుని చరిత్రము నేల యెన్నుకొంటినని సోదరులలో కొందరికి సందేహము కలుగవచ్చును. కారణమును ముందుగనే విన్నవించెదను.

నేను పెక్కేండ్లు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడనై యుంటిని. 1980 తరువాతి మాట. నా తరగతిలో చదువున చురుకైన బాలుడొకడు రెండు మాసములుగా దగ్గుచు, సాయంకాలపు జ్వరముతో నానాటికి కృశించుచుండెను. ఇంటివారు దానిని పడిశమనిరి, దిష్టి యనిరి. కఫమును పరీక్ష చేయింపుడని నేను చెప్పగా, ఆ మాట నలుగురిలో పొక్కినచో ఇంటనున్న ఆడపిల్లకు సంబంధము కుదరదని వారు వెనుదీసిరి. తుదకు పరీక్ష జరిగెను, క్షయ యని తేలెను, మందు మొదలయ్యెను. ఏడాదికి పైగా వాడవలసిన మందును, రెండు నెలలకు దగ్గు తగ్గినదని మానివేసిరి. మరుసటి సంవత్సరము ఆ బాలుడు లేడు. హాజరుపట్టీలో వాని పేరు కొట్టివేసిన చేయి నాది.

ఆ బాలుని వ్యాధికి మందు లేకపోలేదు. దాని కారణము నూరేండ్లకు పూర్వమే తెలిసియుండెను. కొరవడినది నిదానమొక్కటియే. ఆయుర్వేద గ్రంథములలో నిదానస్థానము ముందును, చికిత్సాస్థానము వెనుకను ఉండును. వాగ్భటుని అష్టాంగహృదయమునందును ఇదియే క్రమము. రోగమేదియో, దాని హేతువేదియో నిర్ణయింపక మందీయరాదని దీని భావము. సంస్కృతమున నిదానమనగా మూలకారణము, రోగనిర్ణయము. మన తెనుగున ఆ పదమునకే తొందరపాటు లేకుండుట యను అర్థముకూడ కలిగినది. ఈ రెండర్థములును ఒక్క మనుష్యుని జీవితమున నెట్లు కలిసియుండెనో, అవి విడిపోయిననాడు ఎట్టి యనర్థము వాటిల్లెనో, క్షయక్రిమిని కనుగొనిన డాక్టరు రాబర్ట్ కోఖ్ చరిత్రము తెలుపును.

రాబర్ట్ కోఖ్ 1843 వ సంవత్సరము డిసెంబరు 11 వ తేదీన జర్మనీలోని హార్ట్జ్ పర్వత ప్రాంతమున క్లౌస్థాల్ అను గనుల పట్టణమున జన్మించెను. తండ్రి గనులశాఖలో ఉద్యోగి. కుటుంబము పెద్దది, సంపద మితము. బడికి పోకమునుపే వార్తాపత్రికలను చూచి తనంతట తాను చదువ నేర్చెనని ప్రసిద్ధి. 1862 లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున ప్రవేశించి, మొదట ప్రకృతిశాస్త్రములను, పిదప వైద్యమును అభ్యసించి, 1866 లో వైద్యపట్టమును పొందెను. అచ్చట శారీరశాస్త్రమును బోధించిన హెన్లె పండితుడు, అంటువ్యాధులకు జీవముగల సూక్ష్మపదార్థము కారణమై యుండవలెనని 1840 లోనే వ్రాసియుండెను. కాని దానిని కంట చూపగలిగినవారు అప్పటికి లేరు.

ఆ కాలమున పాశ్చాత్య వైద్యులలో ననేకులు, చెడుగాలివలన రోగములు పుట్టునని కొందరును, నేలనుండి లేచు ఆవిరివలన పుట్టునని కొందరును నమ్ముచుండిరి. క్షయవ్యాధి వంశానుగతమని పెక్కుమంది తలంచిరి. తండ్రికి వచ్చిన రోగము కొడుకునకు వచ్చుట చూచి, రక్తముననే ఆ దోషము కలదనిరి. ఈ యభిప్రాయము నేటికిని మన యిండ్లలో పెండ్లిమాటల వేళ వినవచ్చుచున్నది గదా. ఒక్క యింట వసించి, ఒక్క గాలి పీల్చువారిలో ఒకరినుండి మరియొకరికి వ్యాధి సోకుట వేరు, బీజమునుండి సంక్రమించుట వేరు. ఆ భేదమును తేల్చి చెప్పుటయే కోఖ్ జీవితకార్యమయ్యెను.

పట్టము పొందిన మరుసటి సంవత్సరమే ఆయన వివాహమాడెను. జీవనోపాధికై ఊరూర తిరిగి వైద్యము చేసెను. హ్రస్వదృష్టి గలవాడైనను 1870 లో ఫ్రాన్సుతో యుద్ధము వచ్చినప్పుడు స్వచ్ఛందముగా సైనిక వైద్యశాలలో పనిచేసెను. 1872 లో వోల్‌స్టైన్ అను చిన్న పట్టణమునకు ప్రభుత్వ వైద్యాధికారిగా నియమితుడయ్యెను. అది నేడు పోలండు దేశములోనిది. పగలంతయు బండిమీద పల్లెలు తిరిగి రోగులను చూచుట, మశూచికి టీకాలు వేయుట, ప్రమాదమరణములను పరీక్షించుట, ఇది ఆయన యుద్యోగము. గురువు దగ్గర లేడు. గ్రంథాలయము లేదు. ప్రయోగశాల లేదు. రోగులను చూచు గదిలోనే ఒక మూల తెర కట్టి, భార్య కానుకగా నిచ్చినదని చెప్పబడు సూక్ష్మదర్శినిని అచ్చట నుంచుకొని, తీరిక దొరకినప్పుడెల్ల దానియెదుట కూర్చుండెడివాడు.

ఆ ప్రాంతమున గొఱ్ఱెలు, పశువులు ఆంథ్రాక్స్ వ్యాధిచే మందలు మందలుగా చచ్చుచుండెను. మనవారు దీనిని దొమ్మరోగమందురు. చచ్చిన పశువుల తోలును, ఉన్నిని తాకిన మనుష్యులకును అది సోకును. ఆ పశువుల నెత్తుటిలో సన్నని పుల్లలవంటి ఆకారములుండునని దవేన్ మున్నగు ఫ్రెంచి పండితులు అంతకుముందే చూచియుండిరి. కాని ఆ పుల్లలే రోగహేతువులా? లేక రోగము వచ్చినందువలన పుట్టినవా? లేక కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒక్కసారి జరిగినట్లు కాకతాళీయములా? తేల్చినవారు లేరు.

కోఖ్ ఈ ప్రశ్నను తార్కికుని వలె పట్టుకొనెను. శుద్ధిచేసిన సన్నని కొయ్యపుల్లతో చచ్చిన పశువు నెత్తురును చిట్టెలుకకు అంటించెను. మరునాడది చచ్చెను. దాని ప్లీహమున ఆ పుల్లలే కానవచ్చెను. దానినుండి మరియొక యెలుకకు, దానినుండి వేఱొకదానికి వరుసగా అంటించుచు పోయెను, ప్రతిసారియు ఫలమొక్కటియే. ఆరోగ్యముగల పశువు నెత్తుటితో నిట్లు చేసిన నేమియు కాదయ్యెను. ఇది మన తర్కశాస్త్రమున చెప్పబడిన అన్వయవ్యతిరేకముల పద్ధతియే. ఏది యున్నచో కార్యముండునో, ఏది లేనిచో కార్యము లేదో, అదియే హేతువు.

అంతటితో ఆయన తృప్తిపడలేదు. నెత్తురులోని వేఱొక విషమే యెలుకను చంపినదని యెవరైన ఆక్షేపింపవచ్చును. అందుచే ఆ పుల్లలను ఎద్దుకంటి నీటిబొట్టులో గాజుపలకమీద వెచ్చగా నుంచి, గంటలకొలది కనిపెట్టియుండెను. అవి పొడుగై దారములయ్యెను. దారములలో మెరయు పూసలవంటి బీజములేర్పడెను. ఆ బీజములు ఎండకును చలికిని ఓర్చి సంవత్సరములకొలది మన్నులో నిలిచి, మరల పశువు దేహమున ప్రవేశించినప్పుడు పుల్లలుగా మారునని ఆయన గ్రహించెను. కొన్ని పచ్చికబయళ్లు ఏటేట పశువులను చంపుచుండుటకు కారణము దీనితో బోధపడెను.

ఈ పల్లెవైద్యుడు తాను చూచినదానిని వెంటనే పత్రికలలో చాటుకొనలేదు. 1876 వ సంవత్సరము ఏప్రిలు చివర తన ఎలుకలను, గాజుపలకలను, సూక్ష్మదర్శినిని మూటగట్టుకొని బ్రెస్లౌ నగరమునకు పోయి, వృక్షశాస్త్ర పండితుడైన ఫెర్డినాండ్ కోన్ యెదుట మూడు దినములు తన ప్రయోగములన్నిటిని చేసి చూపెను. తప్పున్నచో చెప్పుడని పెద్దలయెదుట నిలిచెనన్నమాట. కోన్ పండితుడు ఆశ్చర్యపడి, ఆ సంవత్సరమే తన పత్రికలో ఆ వ్యాసమును ప్రకటించెను. ఒక రోగమునకు ఒక సూక్ష్మజీవియే హేతువని సంపూర్ణముగా రుజువైన సందర్భములలో ఇది మొదటిది. అప్పటికి ఆయన వయస్సు 32 ఏండ్లు.

1880 లో ప్రభుత్వమువారు కోఖ్‌ను బెర్లిను నగరమునకు పిలిపించి ఆరోగ్యశాఖ కార్యాలయమున ప్రయోగశాల నిచ్చిరి. లోఫ్లర్, గాఫ్కీ అనువారు ఆయనకు సహాయులైరి. అచ్చట ఆయన ముందుగా పనిముట్లను చక్కపరచుకొనెను. ఒక మడిలో పలువిధముల విత్తనములు కలిసి మొలచినచో ఏది యే పంటయో చెప్పుట కష్టము. సూక్ష్మజీవులును ద్రవములలో నట్లే కలిసిపోవును. ఉడికిన బంగాళాదుంప ముక్కపై ఒక్కొక్క జాతి ఒక్కొక్క చుక్కగా వేఱువేఱుగ పెరుగుట చూచి, గట్టి పదార్థముపై వానిని పెంచు పద్ధతిని ఆయన కల్పించెను. మొదట జెలటిను వాడిరి. అది వేడికి కరగెను. సహాయులలో నొకరైన హెస్సే వైద్యుని భార్య ఫానీ హెస్సే, వంటయింట పండ్ల పాకములను గట్టిపరచుటకు తాను వాడు అగర్ అను సముద్రపు నాచు పదార్థమును సూచించెను. అది చక్కగా కుదిరెను. 1887 లో పెట్రీ అను మరియొక సహాయుడు దానికి మూతగల పళ్లెమును కల్పించెను. నేటికిని ప్రపంచమున ప్రతి వైద్యపరీక్షాలయమునందును ఆ గృహిణి చెప్పిన అగరును, ఆ పెట్రీ పళ్లెమును వాడుచున్నారు.

అటుపిమ్మట ఆయన క్షయను చేపట్టెను. ఆనాడు ఐరోపాలో మరణించువారిలో ఏడుగురి కొక్కరు క్షయచేతనే మరణించుచుండిరని లెక్క. ఆ వ్యాధి క్రిమి యితర క్రిములవంటిది కాదు. దానికి మైనమువంటి పొర యుండుటచే సామాన్యమైన రంగులు పట్టవు. కోఖ్ పలు రంగులను పలుమార్లు మార్చి చూచి, క్షారము కలిపిన మెథిలీన్ నీలిలో ఒక దినమంతయు నానబెట్టి, పిదప గోధుమరంగు వేసెను. చుట్టునున్న ధాతువంతయు గోధుమవన్నె నొందగా, నీలివన్నెతో సన్నని పుల్లలు బయటపడెను.

కంట పడినంత మాత్రమున చాలదు. దానిని విడదీసి పెంచవలెను. ఇతర క్రిములు ఒకటి రెండు దినములలో పెరుగును. ఇది పెరుగలేదు. గడ్డకట్టించిన రక్తరసముపై వెచ్చని పెట్టెలో నుంచి ఆయన కనిపెట్టియుండెను. మొదటి వారము గడచెను, ఏమియు కానరాలేదు. మరియొకడైనచో ఆ గొట్టములను పారవైచియుండును. రెండవ వారమున సన్నని పొలుసుల వంటివి పొడసూపెను. క్షయక్రిమి మెల్లగా పెరుగునది. దానిని పట్టుటకు దానికన్న ఓర్పుగల మనుష్యుడు కావలసివచ్చెను. ఆ విధముగా పెంచిన క్రిములను గినీపందులు మొదలగు జంతువులకెక్కించి, వానికి క్షయ కలుగుట చూచి, వాని దేహములనుండి మరల ఆ క్రిములనే తీసెను. ఒకటి రెండు జంతువులతో కాదు, వందలకొలది ప్రయోగములతో నిశ్చయించుకొనెను.

1882 వ సంవత్సరము మార్చి 24 వ తేదీ సాయంకాలము బెర్లిను శారీరధర్మశాస్త్ర పరిషత్తున ఆయన తన ఫలితములను చదివెను. ఆయన గొప్ప వక్త కాడు. మెల్లగా, తడబడుచు మాటలాడెడివాడు. కాని బల్లలమీద సూక్ష్మదర్శినులలో నుంచిన గాజుపలకలు ఆయన పక్షమున మాటలాడెను. ఆక్షేపించుటకు లేచినవాడొక్కడును లేడని చెప్పుదురు. ఆ సభలోనున్న పాల్ ఎర్లిఖ్ అను యువకుడు రంగువేయు పద్ధతిని త్వరలోనే సులభతరము చేసెను. పిదప జీల్, నీల్సెన్ అనువారు దానిని మరింత చక్కబరచిరి. గ్రామ వైద్యశాలలో నేడు కఫమును గాజుపలకపై పూసి చూచు పరీక్ష ఆనాటి పరీక్షకు సంతానమే. మార్చి 24 వ తేదీని ప్రపంచ క్షయ దినముగా పాటించుట ఆ సభనుబట్టియే.

ఆ దినముతో క్షయ శాపము కాదని, వంశదోషము కాదని, రోగి దగ్గినప్పుడు వెలువడు క్రిమివలన నింకొకరికి సోకు వ్యాధియని తేలెను. అంటువ్యాధుల నిదానమునకు కోఖ్‌ను, ఆయన శిష్యుడు లోఫ్లరును ఏర్పరచిన నియమములు నేటికిని వైద్యవిద్యార్థులకు పాఠములు. రోగులందరియందును ఆ క్రిమి యుండవలెను. దానిని విడదీసి శుద్ధముగా పెంచవలెను. అట్లు పెంచినది ఆరోగ్యముగల జంతువునకు ఆ రోగమునే కలిగింపవలెను. దానినుండి మరల ఆ క్రిమియే లభింపవలెను.

1883 లో ఈజిప్టులో కలరా చెలరేగెను. కోఖ్ సహాయులతో నచ్చటికి పోయెను. ఫ్రాన్సు దేశమునుండియు వేఱొక బృందము వచ్చెను. ఆ రెండు దేశములకును అప్పట్లో పడదు. ఫ్రెంచి బృందములోని త్యూలియే అను యువశాస్త్రజ్ఞుడు ఆ కలరాకే బలికాగా, కోఖ్ స్వయముగా పోయి శవవాహకులలో నొకడయ్యెను. ఈజిప్టున వ్యాధి తగ్గిపోవుటచే, ఆ సంవత్సరము డిసెంబరులో ఆయన మన దేశమునకు వచ్చి కలకత్తాలో పరిశోధన సాగించెను. వంకరగా కామా గుర్తువలె నుండు క్రిమిని కలరా రోగుల ప్రేగులనుండి తీసి, 1884 ఆరంభమున శుద్ధముగా పెంచెను. ఒక చెరువు చుట్టును కలరా వ్యాపింపగా, మొదట చనిపోయిన రోగి బట్టలు ఆ నీటిలోనే ఉదుకబడినవని విచారించి తెలిసికొని, ఆ నీటిలో ఆ క్రిమిని చూపెను. స్నానమునకును, పానమునకును, బట్టలుదుకుటకును ఒక్క చెరువునే వాడు మన గ్రామములకు అదెంతటి పాఠమో చెప్పనక్కరలేదు. ఇటలీ దేశపు పచీనీ పండితుడు 1854 లోనే ఆ క్రిమిని చూచియుండెనని ఇచ్చట చెప్పుట న్యాయము. కోఖ్ స్వదేశమునకు మరలగా ప్రభుత్వమువారు లక్ష మార్కుల బహుమానమిచ్చిరి. 1885 లో బెర్లిను విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి లభించెను.

ఇంతవరకు నిదానస్థానము. ఇక చికిత్సాస్థానము. చరిత్రలు వ్రాయువారు తమ నాయకుని పొరపాట్లను కప్పిపుచ్చుదురు. కాని కోఖ్ చరిత్రమున మనకు మిక్కిలి యుపయోగించు భాగమదియే యగుటచే నేను దాచను.

క్షయకు కారణము తెలిసిన పిదప లోకమంతయు మందెప్పుడని అడుగసాగెను. 1890 వ సంవత్సరము ఆగస్టు 4 వ తేదీన బెర్లినులో జరిగిన అంతర్జాతీయ వైద్యమహాసభలో, గినీపందులయందు క్షయను నిలుపగల పదార్థమును కనుగొంటినని కోఖ్ ప్రకటించెను. నవంబరులో మనుష్యులపై ప్రయోగమునుగూర్చి వ్యాసము వెలువడెను. కాని ఆ మందెట్లు చేయబడినదో ఆయన చెప్పలేదు. పద్నాలుగేండ్ల క్రిందట ఎలుకలను మూటగట్టుకొని పోయి పెద్దలయెదుట సమస్తమును విప్పి చూపిన మనుష్యుడే, ఇప్పుడు మందును రహస్యముగా నుంచెను. ప్రభుత్వమువారి తొందరయు ఇందుకు కొంత కారణమని చెప్పుదురు. కారణమేదైనను బాధ్యత ఆయనదే.

తరువాత జరిగినది తలంచుకొన్నచో గుండె కలగును. నానాదేశములనుండియు క్షయరోగులు బెర్లినునకు వచ్చిపడిరి. నడువలేనివారు మోయించుకొని వచ్చిరి. వైద్యశాలలు చాలక విడిదిగృహములు నిండెను. ఆ మందుకొరకు దేశదేశముల వైద్యులును పరుగెత్తిరి. వారిలో, అపరాధపరిశోధన కథలు వ్రాసిన ఆర్థర్ కోనన్ డాయిల్ అను బ్రిటిషు వైద్యుడొకడు. అంతటి సంబరమునందును ఇది క్షయను మాన్పు మందని నమ్మరాదని వ్రాసిన కొలదిమందిలో నాయన చేరినవాడు. మందు సూదిద్వారా ఎక్కింపబడిన కొన్ని గంటలకే తీవ్రమైన జ్వరమును వణకును కలుగుచుండెను. కొందరికి మేలైనట్లు తోచెను, కొందరు మరణించిరి. 1891 జనవరిలో విర్ఖో పండితుడు మృతదేహములను కోసి చూచి, వ్యాధి మానుటకు మారుగా దేహమున క్రొత్తచోట్ల రేగినదని చూపెను. ఆ మాసముననే మందు స్వరూపమును కోఖ్ బయటపెట్టెను. అది క్షయక్రిములనుండి గ్లిసరినుతో తీసిన సారము. దానికి ట్యూబర్క్యులిన్ అని పేరు. అది క్షయను మాన్పలేదు.

ఇచ్చట చదువరులు ఒక్క సంగతిని గమనింపవలెను. ఆయన మోసగాడు కాడు. ఆ మందును ముందుగా తన దేహముననే యెక్కించుకొని, జ్వరముతో బాధపడెను. ఆయన లోపము తొందర. క్షయక్రిమిని పట్టుటకు వారములకొలది వేచిన ఓర్పు, క్షయమందును పరీక్షించుటయందు లేకపోయెను. జంతువులయందైనను రోగము పూర్తిగా మానెనని తోటివారు చూచుటకు వీలుగా చూపలేదు. తన మాటయే చాలుననుకొనెను. జీవితాంతమువరకు ఆ మందుపై ఆయనకు నమ్మకము పోలేదు. నిదానమున గురువైనవాడు చికిత్సలో నిదానము తప్పెను. దాని ఫలమును అనుభవించినవారు రోగులు.

అయినను ఆ పదార్థము వృథా పోలేదు. క్షయక్రిమి దేహమున ప్రవేశించినవారికే ఆ సారము తగిలినచోట వాపు కలుగునని గమనించి, 1907 లో వియన్నా వైద్యుడు పిర్కే చర్మపరీక్షను కల్పించెను. 1908 లో ఫ్రాన్సు వైద్యుడు మాంటూ దానిని మెరుగుపరచెను. నేటికిని పిల్లల ముంజేతిపై వేయు మాంటూ పరీక్ష యదియే. చికిత్సగా విఫలమైనది నిదానముగా నిలిచినది. కోఖ్ ప్రతిభ ఎందున్నదో, అందే ఆయన మందుకూడ పోయి చేరినది!

1891 లో బెర్లినున ఆయనకొరకు అంటువ్యాధుల పరిశోధనాలయము నెలకొల్పబడెను. శిష్యులు గురువునకు కీర్తి తెచ్చిరి. బేరింగు, జపాను దేశీయుడైన కిటసాటో అనువారు 1890 లోనే ధనుర్వాతమునకును, కంఠసర్పికిని విరుగుడు రక్తరసమును కనుగొనియుండిరి. 1892 లో హాంబర్గు నగరమున కలరా వచ్చి 8,000 మందికి పైగా మరణించిరి. ఆ నగరము నదినీటిని వడపోయక త్రాగుచుండెను. ప్రక్కనే యున్న ఆల్టోనా పట్టణము అదే నదినీటిని ఇసుకలో వడపోసి త్రాగుచుండెను. రెండు పట్టణముల నడుమ వీధి యొక్కటియే. ఒక ప్రక్క మరణములు, మరియొక ప్రక్క క్షేమము. కోఖ్ దీనిని లోకమునకు వెల్లడించెను. నీటిని వడపోయుట మందుకన్న గొప్ప మందని తేలెను. ఆరోగ్యముగా కనబడువానియందును రోగక్రిమి దాగియుండి యితరులకు సోకవచ్చునని ఆయన గుర్తించుటయు ఈ కాలమునందే.

1905 లో క్షయ పరిశోధనకై నోబెల్ బహుమానము లభించెను. మరుసటి యేట ఆఫ్రికాలో నిద్రావ్యాధిపై పనిచేయుటకు విక్టోరియా సరస్సు ప్రాంతమునకు పోయెను. అచ్చట అటాక్సిల్ అను పాషాణసంబంధమైన మందును ఆఫ్రికనులకు పెద్దమోతాదులలో నిచ్చెను. నెత్తుటిలోని క్రిములు తాత్కాలికముగా మాయమయ్యెను గాని, కొందరు రోగులు కన్నులు పోగొట్టుకొనిరి. మాటలాడుటకు శక్తిలేని పరాధీనులపై జరిగిన తొందరపాటగుటచే ఇది మొదటిదానికన్న కఠినమైనదని నా యభిప్రాయము. 1910 వ సంవత్సరము మే 27 వ తేదీన బాడెన్-బాడెన్ అను పట్టణమున హృద్రోగముతో ఆయన దేహము చాలించెను. ఆయన భస్మమును బెర్లిను పరిశోధనాలయముననే యుంచిరి.

క్షయకు నిజమైన మందు ఆయన కనుగొనిన క్రిమినే లక్ష్యముగా బెట్టుకొని తరువాతివారు సాధించిరి. 1943 లో అమెరికాలో షాట్జ్, వాక్స్‌మన్ అనువారు స్ట్రెప్టోమైసిన్ కనుగొనిరి; 1952 లో ఐసోనియాజిడ్ వచ్చెను; పిదప రిఫాంపిసిన్ వచ్చెను. ఒక్క మందే యిచ్చినచో క్రిమి దానికి లొంగక మొండికెత్తునని తెలిసికొని, రెండు మూడు మందులను కలిపి యిచ్చుట నేర్చిరి. ఈసారి తొందర లేదు. రోగులను వర్గములుగా విభజించి, ఫలితములను పోల్చి, లెక్కలను అందరికి చూపి మరీ నిర్ణయించిరి.

ఇందులో మన దక్షిణదేశమునకును గౌరవస్థానము కలదు. నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915 లో క్షయచికిత్సాలయము వెలసినది. నాడు మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన యాహారము, ఇవియే చికిత్స. 1956 నుండి మద్రాసున జరిగిన పరిశోధన లోకప్రసిద్ధమైనది. బీదవాడలలోని 193 మంది రోగులలో కొందరిని చికిత్సాలయమున నుంచియు, కొందరిని వారి యిండ్లలోనే యుంచియు, అందరికిని అవే మందులను ఏడాదిపాటు ఇచ్చిరి. క్రమముగా మందు పుచ్చుకొన్నచో ఇరుకు గుడిసెలో నున్నవాడును చికిత్సాలయమునందున్నవానితో సమానముగా కోలుకొనునని 1959 లో ప్రకటించిరి; ఇంటిలోనివారికి దానివలన అధికమైన అపాయము లేదనియు చూపిరి. రోగిని ఊరవతల నుంచవలసిన పనిలేదని శాస్త్రమే పలికినది. సంఘమింకను పలుకవలసియున్నది.

నేడు సామాన్యమైన క్షయ ఆరుమాసముల మందుతో మానును. ప్రభుత్వమువారు ఉచితముగా పరీక్షచేసి, ఉచితముగా మందునిచ్చుచున్నారు. ఆహారమునకై 2024 నవంబరునుండి నెలకు 1000 రూపాయల చొప్పున ఇచ్చుచున్నారు. అయినను 2023 లో ప్రపంచమున సుమారు పన్నెండున్నర లక్షలమంది క్షయచే మరణించిరి. రోగులలో నాలుగవవంతుకు పైగా మన దేశమువారే. మందులేక కొందరు, మందు మొండిపడి కొందరు. దాచుకొని పోయినవారెందరో, మధ్యలో మానినవారెందరో!

కావున సోదరులారా! రెండు వారములకు మించి దగ్గు నిలిచినచో కఫపరీక్ష చేయింపుడు. అది కోఖ్ నేర్పిన మొదటి నిదానము. దగ్గు తగ్గినను మందు మానక వైద్యుడు చెప్పిన నాటివరకు వాడుడు. అది ఆయన తప్పిన రెండవ నిదానము. సంబంధములు చూచుకొనువారు, వంశమున క్షయ కలదా యని అడుగక, రోగికి మందు పూర్తియైనదా యని అడుగుడు. ధనవంతులైన పోషకులు తమ యూరిలో నొక్క బీదరోగి ఆరుమాసములును మందు తప్పక పుచ్చుకొనునట్లు చూచిన చాలును. ఆ పుణ్యము ఒక సత్రము కట్టించిన పుణ్యమునకు తీసిపోదు.

ఆ బాలుడు బ్రతికియున్నచో నేటికి నడివయస్సు దాటినవాడై, ఈ సంచికను చదువుచుండెడివాడు. వాని యింటివారు క్రూరులు కారు; తొందరపడినవారు, భయపడినవారు. అట్టి తొందరయే ఒక మహావైద్యునికిని తప్పలేదని తెలిసినచో వారిని నిందింప మనసురాదు. కాని ఇకముందు అట్టి పేరును కొట్టివేయవలసిన యవస్థ ఏ యుపాధ్యాయునికిని రాకుండుగాక యని కోరుచు ముగించుచున్నాను.